రెండడుగుల ఫిష్ ట్యాంకులో బాల్ పైథాన్ పెంచొచ్చా? ముందు మే నెల సంగతి చూసుకో

హన్మకొండలో డిగ్రీ చదువుతున్న తమ్ముడు ఒకరు అడిగారు. బాల్ పైథాన్ అనే ఆఫ్రికా కొండచిలువ పిల్లను తెచ్చుకుందామనుకుంటున్నాడు, ఇదే మొదటి పాము. ఉండేది పై అంతస్తు గదిలో. ఇంట్లో రెండడుగుల పాత ఫిష్ ట్యాంకు ఖాళీగా ఉంది. అందులో ఇసుక పోసి, పైన వంద వాట్ల బల్బు పెడితే చాలా, లేక పెద్ద బోను చేయించాలా అని ప్రశ్న. కాగితాల గురించి అడిగితే అమ్మేవాడు "అవి తర్వాత చూసుకుందాం" అన్నాడట.

సూటిగా చెప్తా. ట్యాంకు మొదటి ఏడాదికి పనికొస్తుంది. ఇసుక వద్దు, బల్బు వద్దు. కాగితాలు లేకుంటే అసలు పామే వద్దు. ఇంకోటి, నువ్వు బల్బు గురించి, అంటే వేడి ఎట్లా పెట్టాలని అడుగుతున్నావు. మన దగ్గర పామును పెంచాలంటే ఏడాదిలో మూడు నెలలు తలనొప్పి వేడి తగ్గించడంతోనే. కింద దాని గురించే ఎక్కువ రాశాను.

నా సంగతి కొంచెం చెప్తే నమ్మకంగా చదువుతావు. నాది అక్వేరియం షాపు, ట్యాంకులు నేనే కోసి అతికిస్తాను. తొమ్మిదేళ్లుగా ఇంట్లో ఒక ఆడ బాల్ పైథాన్ ఉంది. హైదరాబాద్‌లో ఒకాయన ఊరు మారుతూ పెంచలేనంటే తెచ్చుకున్నాను. 2020లో విదేశీ జీవులు ఉన్నవాళ్లు తమంతట తాము చెప్పుకోవడానికి కేంద్రం అవకాశమిస్తే అప్పుడే చెప్పేశాను.

ముందు కాగితాలు

మన పొలాల్లో, చెరువు గట్ల మీద దొరికే ఏ పామునూ ఇంట్లో పెట్టుకోకూడదు. రెండు తలల పాము, జెర్రిపోతు, కొండచిలువ పిల్ల, ఏదైనా అంతే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అవి రక్షిత జీవులు. మన కొండచిలువ ఆ చట్టంలో అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జాబితా, షెడ్యూల్ ఒకటిలో ఉంది. దాన్ని పట్టుకుని పెంచితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు, 25 వేలకు తగ్గకుండా జరిమానా. "బాల్ పైథాన్" అని చెప్పి మన కొండచిలువ పిల్లను అంటగట్టేవాళ్లూ ఉన్నారు, కాబట్టి ఫొటో చూసి డబ్బు పంపొద్దు.

బాల్ పైథాన్ ఆఫ్రికా పాము. ఘనా, టోగో, బెనిన్ దిక్కు నుంచి లోకమంతా పాకింది. అది మన అడవిది కాదు గానీ, అడవి జీవుల వ్యాపారం మీద ఉన్న సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో ఉంది. 2022 చట్ట సవరణతో ఆ జాబితా జీవులన్నీ మన చట్టంలో షెడ్యూల్ నాలుగులోకి వచ్చాయి. 2024లో వచ్చిన రూల్స్ ప్రకారం అలాంటి జీవి చేతికొచ్చిన 30 రోజుల్లోపు కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయించుకోవాలి. చేతులు మారినా, పిల్లలు పెట్టినా, చచ్చిపోయినా చెప్పాలి. అమ్మేవాడి పేరు మీద రిజిస్ట్రేషన్ ఉంటేనే నీ పేరు మీదకు సాఫీగా మారుతుంది. "తర్వాత చూసుకుందాం" అన్నాడంటే అతని దగ్గర లేవనే అర్థం. ఈ ఒక్క మాటతో బేరం ఆపెయ్. కాగితాలున్నవాడు దొరికేదాకా ఆగు, ఈలోగా బోను సిద్ధం చేసుకోవచ్చు.

ఇల్లు అద్దెదైతే ఓనర్‌కు ముందే చెప్పు. దాచితే ఎన్నాళ్లు దాగుతుంది? పక్కింటి పిల్లాడు కిటికీలోంచి చూస్తే ఆ సాయంత్రానికే వీధంతా మీ గుమ్మం ముందు ఉంటుంది.

ట్యాంకును బోనుగా మార్చడం

గుడ్డులోంచి వచ్చిన బాల్ పైథాన్ పిల్ల అడుగు పొడవు, అటూ ఇటూగా ఉంటుంది. దానికి రెండడుగుల ట్యాంకు హాయిగా సరిపోతుంది. కానీ ఫిష్ ట్యాంకు చేపను చూపించడానికి చేసింది, ఈ పాము దాక్కోవడానికి పుట్టింది. నాలుగు వైపులా అద్దముంటే దానికి ఎప్పుడూ ఎవరో చూస్తున్నట్టే ఉంటుంది, తిండి మానేస్తుంది. మూడు వైపులా బయటినుంచి నల్ల చార్టు అంటించు. బయటినుంచే అని గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే నేను లోపలినుంచి అంటించి తిన్న దెబ్బ ఉంది.

మొదటి నెలలోనే, చార్టు మూల ఊడుతోందని లోపల సెలోటేపు వేశాను. రాత్రి చూస్తే పాము మెడ కింద నుంచి జానెడు దాకా టేపు అతుక్కుని, మెలికలు తిరుగుతోంది. లాగితే పొలుసులతో సహా తోలు లేచొస్తుంది. మా ఆవిడ పామును పట్టుకుంది (అంతకుముందు దాన్ని ముట్టని మనిషి), నేను వంటనూనెలో దూది ముంచి టేపు అంచు కింద అద్దుకుంటూ, గోరు వెడల్పు చొప్పున ఊడదీశాను. గంటంబావు పట్టింది. రెండు పొలుసులు పోయాయి, తర్వాతి కుబుసంతో మానింది. బోను లోపల ఏ రకమైన టేపూ వద్దు. సెన్సర్ వైరు నిలబెట్టాలన్నా అక్వేరియంలో వాడే సిలికాన్ చుక్క పెట్టు, పుల్లటి వాసన పూర్తిగా పోయేదాకా మూడు నాలుగు రోజులు ఆరనివ్వు.

అడుగున ఇసుక ఎందుకు వద్దంటే, అది తేమను పట్టుకోదు, ఎలుకతో పాటు నోట్లోకీ కడుపులోకీ పోతుంది. మొదటి నెల మామూలు న్యూస్ పేపర్ వెయ్. చూడ్డానికి బాగుండదు గానీ రెట్ట ఎట్లా ఉంది, నల్ల చుక్కల్లాంటి గోమార్లు ఏమైనా ఉన్నాయా అన్నది కాగితం మీదే కనిపిస్తుంది. అన్నీ బాగుంటే తర్వాత కొబ్బరిపొట్టు. నర్సరీల్లో ఇటుకలా నొక్కి అమ్మే కోకోపీట్ తీసుకో, ఎరువు కలిపింది వద్దు. నీళ్లలో నానబెట్టి గట్టిగా పిండితే చుక్క కారకూడదు, అంత తడి చాలు. రెండంగుళాల మందం పరుచు.

దాక్కునే గూళ్లు రెండు, వేడి వైపు ఒకటి, చల్ల వైపు ఒకటి. ఒక్కటే పెడితే పాము భయానికీ ఒంటి వేడికీ మధ్య ఏదో ఒకటే ఎంచుకోవాలి. గూడు పెద్దగా ఉండొద్దు, చుట్ట చుట్టుకుంటే ఒంటికి నాలుగు పక్కలా తగలాలి. షాపుల్లో ప్లాస్టిక్ పుర్రెలు, రాళ్లు అమ్ముతారు, నా లెక్కలో అవి మనుషులకే. కుమ్మరాయన దగ్గర చిన్న మట్టి ముంతలు రెండు తెచ్చుకో, అంచున పాము దూరేంత నోరు చెక్కి, ఉప్పుకాగితంతో బాగా రుద్ది బోర్లించు. మట్టిదే ఎందుకన్నది మే నెల దగ్గర చెప్తా.

నీళ్ల గిన్నె బరువైనది, పాము చుట్టుకుని కూర్చోగలిగేంతది ఉండాలి.

మూత, తాళం

అక్వేరియం మూతలు పాముకు పనికిరావు. పైపుకు, వైరుకు వదిలే సందుంటుంది. తల పట్టే సందులోంచి మిగతా ఒళ్లంతా పోతుంది, తలతోనే నెట్టి మూత లేపుతుంది కూడా. ఇనుప ఫ్రేముకు సన్న జాలీ కొట్టించి, నాలుగు మూలలా క్లిప్పులు పెట్టించు. పైన పుస్తకం బరువు పెట్టానంటే నేను నమ్మను.

ఎందుకంటే నాది డిసెంబరులో ఒక రాత్రి నిఘంటువునే నెట్టుకుని పోయింది. పదకొండు రోజులు దొరకలేదు. మా అమ్మ ఆ పదకొండు రోజులూ మంచం దిగకుండానే కాపురం చేసింది. చివరికి అమ్మే ఉపాయం చెప్పింది, గోడల వెంబడి ముగ్గుపిండి పలచగా చల్లమని. తెల్లారి లేచి చూస్తే వంటింట్లో పిండి మీద సన్నటి అల గీత, నేరుగా ఫ్రిజ్ వెనక్కు. కంప్రెసర్ పక్కన వెచ్చగా చుట్టుకుని పడుకుంది. తప్పిపోయిన పాము చలికాలంలో వేడి దగ్గర, ఎండాకాలంలో బాత్రూం తడి దగ్గర దొరుకుతుంది. ముగ్గుపిండి మాత్రం రెండు కాలాలకూ పనికొస్తుంది.

వేడి: చలికాలం లెక్క

బాల్ పైథాన్‌కు బోనులో ఒక చివర 31–32 డిగ్రీలు, ఇంకో చివర 25–27 ఉండాలి. దానికి కావాల్సినప్పుడు ఇటు, వద్దనుకుంటే అటు జరుగుతుంది. డిసెంబరు, జనవరి రాత్రులు మన దగ్గర బయట 12, 13కు పడతాయి, ఆదిలాబాద్ దిక్కు ఇంకా తక్కువ. అప్పుడు వేడి తప్పదు.

వంద వాట్ల బల్బు రెండడుగుల ట్యాంకులో పొయ్యి. తేమనంతా లాగేస్తుంది, పాము దానికి తగిలి కాలుతుంది, రాత్రి తిరిగే జీవికి ఆ వెలుగు నరకం. ట్యాంకు అడుగున బయటివైపు మూడో వంతు మేర చిన్న హీట్ మ్యాట్ (కరెంటుతో వెచ్చబడే పలచటి పట్టా) పెట్టు, ట్యాంకు కింద నాలుగు రబ్బరు కాళ్లు పెట్టి గాలాడనివ్వు. మ్యాట్ ఎంత చిన్నదైనా థర్మోస్టాట్, అంటే వేడి మించితే కరెంటు ఆపేసే పరికరం, లేకుండా స్విచ్ వెయ్యొద్దు. పాముకు పొట్ట కింద కాలుతోందని త్వరగా తెలియదు, వెచ్చగా ఉందని అక్కడే పడుకుంటుంది. తెల్లారేసరికి పొట్ట పొలుసులు ఎర్రగా కమిలి ఉంటాయి. ఖరీదైన థర్మోస్టాటే అక్కర్లేదు, కోడిగుడ్లు పొదిగించే ఇంక్యుబేటర్లకు వాడే డిజిటల్ కంట్రోలర్ చాలు. వైరింగ్ మాత్రం తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో చేయించు.

సెన్సర్ ఎక్కడ పెట్టావన్నదే అసలు విషయం. మ్యాట్‌కు సరిగ్గా పైన, లోపలి అద్దానికి ఆనించి ఉండాలి. అది జారి నీళ్ల గిన్నెలో పడితే, కంట్రోలర్‌కు ఎప్పుడూ చల్లగానే కనిపిస్తుంది, మ్యాట్ ఆగకుండా కాలుతూనే ఉంటుంది. అందుకే కంట్రోలర్‌ను నమ్మకుండా, రెండు చివర్లా వేరే థర్మామీటర్లు పెట్టు. తేమ మీటరు ఒకటి, 55 నుంచి 70 శాతం మధ్య చూపించాలి.

వేడి: ఎండాకాలం లెక్క

ఇంటర్నెట్‌లో చదివే గైడ్లన్నీ మంచు కురిసే ఊళ్లవాళ్లు రాసినవి. మ్యాట్ ఎన్ని వాట్లు, బల్బు ఏ రంగు అని పేజీలు నింపుతారు. మే నెలలో మన వరంగల్‌లో బయట 44, 45 కొడుతుంటే ఇంట్లో ఏం చెయ్యాలో ఒక్కరూ రాయరు. బోనంతా 35 దాటితే ఈ పాముకు కష్టం మొదలవుతుంది. 40కి పోతే గంటల లెక్కలో ప్రాణం పోతుంది. దానికి చెమట పట్టదు, లేచి నీడకు పోదామంటే చుట్టూ అద్దాలు.

మొదటి సంగతి, బోను ఎక్కడ పెట్టావు? నువ్వు పై అంతస్తు గదిలో ఉంటున్నానన్నావు. స్లాబు పగలంతా ఎండ తాగి, రాత్రి పదకొండు దాకా సెగ కక్కుతుంది. మా ఇంట్లో ఒక మే మధ్యాహ్నం మూడింటికి ఒకే గదిలో కొలిచాను. అల్మారా పై అరలో 39, నేల మీద 34.5. అంటే ఏమీ ఖర్చు లేకుండా, పైనుంచి కిందకు దించితేనే నాలుగున్నర డిగ్రీలు. అందుకే ఏప్రిల్ నుంచి జూన్ దాకా మా పాము నేల మీదే, పడమటి గోడకు దూరంగా, ఎండ పడని లోపలి గదిలో. మ్యాట్ ప్లగ్గు పీకేసి డ్రాయర్‌లో పెడతాను, స్విచ్ ఆపడం కాదు, ఎవరో ఒకరు పొరపాటున వేస్తారు.

రెండోది మట్టి ముంత. చల్ల వైపు ముంతను పొద్దున నీళ్లలో ముంచి నానబెట్టి పెట్టు. మన రంజన్‌లో నీళ్లు ఎట్లా చల్లబడతాయో ముంత లోపల గాలీ అట్లాగే చల్లబడుతుంది. నా కొలతలో రెండు డిగ్రీలు తగ్గింది. పొడి గాలి ఉన్నప్పుడే ఇది పని చేస్తుంది, వానాకాలంలో ముంత తడిపితే బోను చెమ్మగిల్లడం తప్ప లాభం లేదు. కూలర్ ఉంటే గదికి పెట్టు, దాని గాలి నేరుగా బోను మీదకు కొట్టనియ్యొద్దు. కూలర్ నడిచే గదిలో తేమ ఎట్లాగూ పెరుగుతుంది, కాబట్టి అప్పుడు కోకోపీట్ మీద నీళ్లు చల్లడం మానెయ్.

ఇంక కరెంటు. మూడేళ్ల కింద ఒక మధ్యాహ్నం ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి మా వీధికి ఆరు గంటలు కరెంటు లేదు. నేను షాపులో ఉన్నాను. ఇంటికొచ్చేసరికి చల్ల వైపు థర్మామీటర్ 37 చూపిస్తోంది. పాము నీళ్ల గిన్నెలో మునిగి, ముక్కు మాత్రం పైకి పెట్టి ఉంది. ఆ నీళ్లు కూడా గోరువెచ్చగా అయిపోయాయి. పామును దిండు గలీబులో వేసి, గలీబు మూతి ముడేసి, కింది అంతస్తులో మా చిన్నమ్మ వాళ్ల మెట్ల కింది గదిలో నాపరాళ్ల మీద పెట్టాను. అరగంటకు కదలికలో తేడా తెలిసింది. ఐసు నీళ్లలో ముంచడం లాంటివి చెయ్యొద్దు, మెల్లగా చల్లబడాలి. అప్పటినుంచి ఫ్రీజర్‌లో రెండు లీటరు బాటిళ్లు గడ్డకట్టించి ఉంచుతున్నాను. కరెంటు పోతే తువ్వాలు చుట్టి, జాలీ మూత మీద చల్ల వైపు పెట్టడమే. చల్లగాలి కిందికి దిగుతుంది, పని కానిస్తుంది.

పాము ఎప్పుడైనా గంటలకొద్దీ నీళ్లలో కూర్చుంటే ముచ్చటగా ఉందని వీడియో తియ్యొద్దు. వేడన్నా ఎక్కువైంది, గోమార్లన్నా పట్టాయి.

నీ గదిలో మే మధ్యాహ్నం నేల మీద కూడా 35 దాటుతుంటే, కూలరూ ఇన్వర్టరూ లేకుంటే, ఈ పాము నీకు ఇప్పుడు వద్దు. కష్టంగా అనిపించినా ఇదే నా మాట.

వానాకాలం, చీమలు, మిగతావి

వానల్లో గదిలో తేమ 80 దాటుతుంది. అడుగు తడిగా ఉండిపోతే పొట్ట పొలుసుల కింద నీరు చేరి కుళ్లుతుంది. అప్పుడు మళ్లీ న్యూస్ పేపర్‌కు మారిపో. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, ముక్కు దగ్గర బుడగలొస్తున్నా ఆలస్యం చెయ్యకు, డాక్టర్ దగ్గరికి పో. పాములు చూసే వెటర్నరీ డాక్టర్లు తక్కువ, పామును తేకముందే ఒకరిని మాట్లాడి పెట్టుకో.

చీమల గురించి ఏ గైడూ రాయదు. ఎలుకను పెట్టిన రాత్రి ఎక్కడినుంచి వస్తాయో, వరస కట్టేస్తాయి. బల్ల నాలుగు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టు, మన నానమ్మలు జాలీ బీరువాకు పెట్టినట్టు. ఎండాకాలంలో నేల మీద ఉన్నప్పుడు వెడల్పు పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో ఇటుకల మీద ట్యాంకు నిలబెడతాను. చీమల మందు, దోమల స్ప్రే, కాయిల్ ఆ గదిలోకే రానియ్యొద్దు.

తిండికి చనిపోయిన ఎలుక, పాము ఒంటి లావుకు సమానమైనది. పిల్లకు వారం పది రోజులకొకటి, పెద్దదానికి రెండు నుంచి నాలుగు వారాలకు. ఇంట్లో ఎలుకల బోనులో పడ్డ ఎలుక వద్దు, ఎక్కడ ఏ మందు తిని వచ్చిందో తెలియదు. చికెన్ ముక్కలూ వద్దు. నాగుల పంచమి నాడు మా పెద్దమ్మ గిన్నెడు పాలు తెచ్చి పెడితే, ఆమె దండం పెట్టుకుని పోయేదాకా ఆగి తీసేశాను. చలికాలంలో నెల రెండు నెలలు తిండి మానేసినా, బరువు తగ్గకుంటే టెన్షన్ పడకు, ఈ జాతికి అది మామూలే. ఇంటికొచ్చిన మొదటి వారం దాన్ని ముట్టుకోవద్దు, తిన్నాక రెండు రోజులు కూడా. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కో, సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా అంటుకుంటుంది.

ఏడాది తర్వాత బోను

పెద్దయ్యాక మూడు నుంచి ఐదడుగులు. అప్పుడు నాలుగడుగుల పొడవు, రెండడుగుల లోతు, రెండడుగుల ఎత్తు కావాలి. ఇది ఇరవై ముప్పై ఏళ్లు బతికే జీవి, నీ పెళ్లై పిల్లలు స్కూలుకు పోయేనాటికి కూడా ఉంటుంది. నేను మొదట ప్లైవుడ్‌తో చేయించి, రెండు వానాకాలాలకే అడుగు ఉబ్బిపోయి పారేశాను. ఇప్పుడున్నది కిచెన్ కప్‌బోర్డులకు వాడే పీవీసీ బోర్డుతో మా వడ్లాయన చేసింది, ముందు రెండు జరిపే అద్దాలు, షోకేసుకు వేసే చిన్న తాళం. జాలీ రంధ్రాలు ఒక పక్క కింద, ఎదురు పక్క పైన పెట్టించాను, గాలి దానంతటదే తిరుగుతుంది. అతికించిన వాసన పోవడానికి మూడు వారాలు ఖాళీగా ఉంచాను.

ఆ లెక్కనే నువ్వూ ట్యాంకు సిద్ధం చేసి, పాము లేకుండానే రెండు వారాలు నడిపించు. మధ్యాహ్నం మూడింటికి, తెల్లవారుజామున ఐదింటికి రెండు చివర్ల డిగ్రీలు, తేమ ఒక నోట్‌బుక్‌లో రాయి. గది ఏ దిక్కుకు ఉంది, కూలర్ ఉందా లేదా కూడా రాసి, ఆ అంకెలు ఇక్కడ పెట్టు. చూసి ఎక్కడ మార్చాలో చెప్తాను.